కమారో కొనే ముందు వైపర్లు వేయించి చూడు

చి. కార్తీక్‌కి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ మిషిగన్‌లో అత్తయ్య, నేను కులాసా. డాలస్‌లో మీ ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను.

నువ్వు కొందామనుకుంటున్న 1969 షెవ్రొలే కమారో కారు ఫోటోలన్నీ చూశాను. నీలం రంగు, బానెట్ మీద తెల్ల చారలు, లోపల కొత్త తోలు సీట్లు, పాతది తీసేసి వేసిన ఈ కాలపు ఎల్‌ఎస్3 ఇంజన్, ఆరు గేర్ల ట్రెమెక్ గేర్‌బాక్స్, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. బండి బాగుంది, కాదనను. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల విడిభాగాల పనిలోనే ఉద్యోగమంతా గడిపినవాణ్ణి, ఇలాంటి బండి పక్కనుంచి వెళ్తే ఈ వయసులో కూడా వెనక్కి తిరిగి చూస్తాను. కానీ నువ్వు ఆ పార్టుల జాబితా చూసి మనసు పారేసుకున్నట్టున్నావు. జాబితాలో ఉన్నవన్నీ డబ్బు పెడితే ఎవరికైనా దొరికేవే. వాటిని బిగించిన చెయ్యి ఎలాంటిదో మాత్రం అందులో రాయరు. నువ్వు డబ్బిచ్చేది ఆ చేతిపనికి.

అందుకే బండి దగ్గరికి వెళ్ళగానే ఇంజన్ మోగించమని అడగకు. ముందు వైపర్లు వేయించు. నవ్వకు, సీరియస్‌గానే చెబుతున్నాను. ఇలాంటి పాత బండిని విప్పి కొత్తగా కట్టేవాళ్ళు ఇంజన్, పెయింటు, చక్రాలు ఎంతో మోజుగా చేస్తారు. వైపర్లు, హీటరు, పెట్రోల్ ముల్లు, రివర్స్ లైటు, కిటికీ అద్దం తడబడకుండా దిగడం లాంటివి చివరికి మిగులుతాయి. అప్పటికి డబ్బూ అయిపోతుంది, ఓపికా అయిపోతుంది. "వానలో ఎలాగూ తియ్యం కదండీ" అని నవ్వేసే మనిషి బ్రేకు పైపు ఎలా బిగించాడో నేను నమ్మను. ఈ చిన్నవన్నీ పనిచేస్తుంటే మాత్రం, ఆ బండి కట్టినవాడు చివరిదాకా ఓపిక పట్టాడని అర్థం.

అమ్మేవాడికి ఇంకో మాట ముందే చెప్పి ఉంచు: నువ్వు వచ్చేవరకూ ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దని. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. వేడిగా ఉంటే, చల్లటి ఇంజన్ అందుకోవడంలో ఏదో తిప్పలు ఉందేమో, దాన్ని నీ కంట పడనివ్వట్లేదేమో అని అనుమానించు.

ఇక బాడీ. ఎక్కువ టైం ఇక్కడే పెట్టు. 1967 నుంచి 1969 వరకు వచ్చిన కమారోలకి ముందు భాగంలోనే విడిగా సబ్‌ఫ్రేమ్ (ఇంజన్‌ని మోసే ఉక్కు చట్రం) ఉంటుంది, బోల్టులతో బిగిస్తారు. వెనకంతా రేకు బాడీయే బరువు మోస్తుంది. కాబట్టి కింద తుప్పు పడితే అది అందానికి సంబంధించిన సంగతి కాదు, బండి నడుమే బలహీనపడ్డట్టు. వెనక చక్రాల పై అంచులు, డోర్ల కింది రాకర్లు (గడప లాంటి రేకులు), డిక్కీ అడుగు, వెనక అద్దం కింది అంచు, ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్ళే కౌల్ చూడాలి. కౌల్ లోపల తుప్పు పడితే బయటికి ఏమీ కనపడదు, వాన నీళ్ళు మాత్రం డ్రైవర్ కాళ్ళ దగ్గర కార్పెట్‌లోకి దిగుతాయి. కార్పెట్ అంచు ఎత్తి వాసన చూడు, చెమ్మ వాసన దాచడం కష్టం.

పెయింటు మందం కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది, కొనుక్కో. ఒక ప్యానెల్ మీద రీడింగ్ ఒకలా, పక్కదాని మీద దానికి ఎన్నో రెట్లు వస్తే ఆ రంగు కింద లప్పం ఉన్నట్టే. పలచగా లప్పం అందరూ పెడతారు, అది తప్పు కాదు. తుప్పు రేకు కొయ్యకుండా పైన మెత్తేస్తేనే సమస్య, రెండు మూడేళ్ళలో బుడగలు లేస్తాయి. డోరు సందులు పై నుంచి కింది దాకా ఒకేలా ఉన్నాయో చూడు. బండిని లిఫ్ట్ మీద ఎక్కించాక డోరు తెరిచి వేయించు. కింద ఉన్నప్పుడు సాఫీగా పడిన డోరు పైకెత్తాక పట్టేస్తుంటే బాడీలో బిగువు లేదు. రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేస్తున్నప్పటి ఫోటోలు అడుగు. నిజంగా పని చేయించినవాడు అడగకముందే ఫోన్ తీసి చూపిస్తాడు, ఆపమన్నా ఆపడు!

1969 కమారోకి డైనాకార్న్ అనే కంపెనీ బాడీ మొత్తం కొత్త రేకుతో తయారుచేసి అమ్ముతుంది. అలాంటి బాడీ మీద కట్టిన బండి చెడ్డదేమీ కాదు, తుప్పు గొడవ లేదు కూడా. కానీ అది పాత బండి అని చెప్పి అమ్మితే మోసం. ఒక తుప్పు బండి నుంచి వీఐఎన్ (ఫ్యాక్టరీ ఇచ్చే బండి గుర్తింపు నంబరు) పలక ఊడదీసి కొత్త బాడీకి బిగిస్తే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం దాకా పోవచ్చు, చిక్కు కొన్నవాడికి కూడా చుట్టుకుంటుంది. 1968 నుంచి వీఐఎన్ పలక డ్రైవర్ వైపు డ్యాష్‌బోర్డు మీద, అద్దంలోంచి కనిపించేలా ఉంటుంది. రివెట్ల తలలు చిన్న పువ్వు ఆకారంలో ఉండాలి. అదే నంబరులో కొంత భాగం ఇంకో రెండు చోట్ల గుద్ది ఉంటుంది: కౌల్ మూత కింద, హీటరు పెట్టె వెనక ఫైర్‌వాల్ మీద. కౌల్ మూత తీసి చూపించమంటే అంత కష్టమైన పనేం కాదు. టైటిల్ కాగితం (బండి ఎవరిదో చెప్పే పత్రం) మీది నంబరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. ఒక్క అంకె తేడా ఉన్నా "ఆర్టీవో వాళ్ళ టైపింగ్ తప్పు" లాంటి మాటలు వినకు, వెనక్కి వచ్చెయ్. అక్కడ ఆర్టీవో అనరనుకో, నాకు అలవాటు పోలేదు.

ఆ నంబరులో 13 అక్షరాలే ఉంటాయి. ఇప్పటి 17 అక్షరాల పద్ధతి 1981లో వచ్చింది, అందుకే నువ్వు మామూలుగా తీసే కార్ల చరిత్ర రిపోర్టుల్లో ఇది దొరకదు. 124తో మొదలైతే వీ8 ఇంజన్‌తో పుట్టిన బండి, 123 అయితే ఆరు సిలిండర్లది. ఏడో స్థానం ఎన్ అయితే ఒహాయోలోని నార్‌వుడ్ ఫ్యాక్టరీ, ఎల్ అయితే లాస్ ఏంజెలస్ దగ్గరి వాన్ నైస్. అది ఎస్ఎస్సా, జెడ్28ఆ (కమారోలో ఎక్కువ గిరాకీ ఉన్న స్పోర్ట్స్ రకాలు) అన్నది మాత్రం నంబరు చెప్పదు. బండి ఫ్యాక్టరీలో ఎలా తయారైందో చెప్పే రికార్డులు ఫోర్డ్ బండ్లకైతే మార్టీ రిపోర్టు, పాంటియాక్‌లకైతే పీహెచ్ఎస్ పత్రాల రూపంలో తెప్పించుకోవచ్చు, అమెరికాలో అమ్మిన కమారోలకి ఆ సదుపాయం లేదు. నీ ఫోటోలో ముందు గ్రిల్ మీద ఎస్ఎస్ బ్యాడ్జి ఉంది. ఆ బ్యాడ్జి ఎవరైనా కొని అతికించుకోవచ్చు. ఇంజన్ ఎలాగూ మార్చేశారు కాబట్టి నీకు దానితో పనిలేదు, దాని పేరు చెప్పి అడిగే అదనపు డబ్బు మాత్రం ఇవ్వకు. మీటరులో 61 వేల మైళ్ళు అన్నది కూడా పట్టించుకోకు. ఆ రోజుల్లో మీటర్లకి ఐదంకెలే, లక్ష దగ్గర మళ్ళీ సున్నాకి వస్తాయి.

అమ్మేవాడు 1969లో 300 హార్స్‌పవర్, ఇప్పుడు 430 అని పక్కపక్కన పెట్టి రాశాడు. ఆనాటి లెక్క ఇంజన్‌ని బండిలోంచి బయటపెట్టి, ఫ్యాన్, సైలెన్సర్ లాంటివేవీ లేకుండా కొలిచిన గ్రాస్ లెక్క. 1972 నుంచి అవన్నీ తగిలించి కొలిచే నెట్ లెక్క వచ్చింది. అంటే అసలు తేడా ఆయన రాసినదానికంటే చాలా ఎక్కువ, పాపం తన సరుకునే తక్కువ చేసుకున్నాడు. అంత బలం 1969 రేకు మీద పెట్టినప్పుడు మిగతావన్నీ ఆ స్థాయికి తెచ్చారా అన్నదే మన ప్రశ్న. వెనక యాక్సిల్ పాత 10 బోల్టులదేనా, లేక ఇంకా గట్టిదైన 12 బోల్టులదో ఫోర్డ్ 9 ఇంచులదో వేశారా? ముందు సబ్‌ఫ్రేమ్‌ని వెనక భాగంతో కలిపే కనెక్టర్లు వెల్డింగ్ చేశారా? అడుగు.

ఎల్‌ఎస్ ఇంజన్‌కి పెట్రోల్ దాదాపు 58 పీఎస్ఐ ఒత్తిడితో అందాలి. పాత కార్బురేటర్‌కి దానిలో పదో వంతు చాలేది. అందుకని ట్యాంకు లోపలే పంపు, చుట్టూ అడ్డుగోడలు ఉన్న కొత్త ట్యాంకు వేసుండాలి. పాత ట్యాంకు ఉంచి బయట పంపు తగిలించి ఉంటే, పావు ట్యాంకు ఉన్నప్పుడు మలుపులో పెట్రోల్ పక్కకి పోయి ఇంజన్ ఆగిపోతుంది, హైవే ర్యాంపు మీద అలా జరిగితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. కాబట్టి ట్రయల్ ఫుల్ ట్యాంకుతో కాకుండా తక్కువ పెట్రోల్‌తో వెయ్యి. ఏసీ ఆన్ చేసి, ఎండలో, ట్రాఫిక్‌లో అరగంట నడుపు. టెంపరేచర్ ముల్లు మీదే కన్నుంచు. డాలస్ జూలై ఎండకి రేడియేటర్, ఫ్యాన్లు తట్టుకోకపోతే ఆ బండి ఏడాదిలో ఆరు నెలలు గరాజ్‌లోనే. స్టీరింగ్ రెండు వైపులా చివరికంటా తిప్పు, వెడల్పు టైర్లు రేకుకి రాసుకుంటే శబ్దం వస్తుంది. టైర్ల పక్కన ముద్రించిన డాట్ (DOT) కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడు. 2317 అంటే 2017లో 23వ వారం. అరుగుదల లేకపోయినా అంత పాతవైతే మార్చాల్సిందే, ఆ ఖర్చు బేరంలో తగ్గించు.

డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి వైరింగ్ చూడు. ఒక బ్రాండ్ హార్నెస్ (తయారుగా వచ్చే తీగల కట్ట) వేసి శుభ్రంగా కట్టి ఉంటే సరే. రంగురంగుల తీగలు, టేపు చుట్టిన అతుకులు కనిపిస్తే, ఎంత మంచి పెయింటు ఉన్నా వద్దు. పాత బండ్లు తగలబడటానికి వైరింగ్, పెట్రోల్ లీకులే ముఖ్య కారణాలు. నీ రాష్ట్రంలో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ కూడా ఎత్తేశారు, ఎవరో చూసి ఆపుతారనే ధైర్యం లేదు. అందుకే అమ్మేవాడి ఊళ్ళో వాడికి సంబంధం లేని మెకానిక్‌ని మాట్లాడుకుని రాతపూర్వకంగా రిపోర్టు తీసుకో. కొన్ని వందల డాలర్లు పోతాయి, పోనీ.

డబ్బు సంగతి. ఇలాంటి బండి మొదటి నుంచి మంచి షాపులో కట్టించుకుంటే లక్ష డాలర్లు దాటడం మామూలే, అమ్మేటప్పుడు అంత రాదు. అంచేత కట్టించుకోవడం కంటే, ఎవరో పెట్టిన ఖర్చుని తక్కువకి కొనుక్కోవడమే తెలివైన పని, ఆ విషయంలో నీ ఆలోచన కరెక్టే. ఇన్సూరెన్స్ మాత్రం 'అగ్రీడ్ వాల్యూ' (బండి విలువ ముందే ఒప్పుకుని రాసే) పాలసీయే తీసుకో. 'స్టేటెడ్ వాల్యూ' పేరు దగ్గరగా ఉంటుంది కానీ క్లెయిమ్ వచ్చినప్పుడు తక్కువ ఇచ్చే వీలు వాళ్ళకుంటుంది.

పిల్లల సంగతి అమ్మాయి అడిగిందన్నావు, అడగాల్సిందే. ఎయిర్‌బ్యాగులు లేవు. ముందు సీట్లకి భుజం బెల్టులు 1968 నుంచి తప్పనిసరి చేశారు, వెనక మాత్రం నడుము బెల్టే. పెద్దాడు కూర్చునే బూస్టర్‌కి భుజం బెల్టు కావాలి. కాబట్టి వెనక మూడు పాయింట్ల బెల్టులు, సరైన చోట ప్లేట్లు వెల్డింగ్ చేసి పెట్టించేవరకూ వాణ్ణి ఎక్కించుకోవద్దు. వాడు ఏడుస్తాడు, ఏడవనీ.

టైటిల్ అమ్మేవాడి పేరు మీదే ఉందా, దాని మీద అప్పు ఉందా అన్నది బ్యాంకులోనే తేల్చుకో, డబ్బు కూడా బ్యాంకులోనే చేతులు మారాలి. ముందే ట్రాన్స్‌ఫర్ చెయ్యమంటే కుదరదని చెప్పు.

శనివారం వాడికి ఫోన్ చేసేటప్పుడు నన్ను కూడా లైన్‌లో పెట్టు. నేను మాట్లాడను, వింటాను. నువ్వు మొదట అడగాల్సింది ఒకటే: "ఇది ఎవరు కట్టారు, బిల్లులు ఉన్నాయా?" అడిగి ఊరుకో, వాణ్ణే మాట్లాడనివ్వు.

మీ మామయ్య