జెండర్ అధ్యాయం రాయమన్నారా? ముందు సర్వే ఫారం బయటికి తీయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: బెంగళూరులో ఒక కన్సల్టెన్సీలో కొత్తగా చేరారు. ప్రభుత్వానికి ఇవ్వాల్సిన బస్సు రూట్ల నివేదికలో ‘జెండర్, వైవిధ్య విశ్లేషణ’ అనే అధ్యాయం మీకు అప్పగించారు. మిగతా నివేదిక సగానికి పైగా తయారైపోయింది, రెండో విడత సర్వే మాత్రం మిగిలింది. మీ మేనేజర్ “శక్తి పథకం ఉంది కదా, దాని మీద రెండు పేజీలు రాసెయ్” అంటున్నారు (శక్తి అంటే కర్ణాటకలో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన పథకం). ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని అడిగారు.

మాది హిందూపురం దగ్గర పల్లె. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి చాలా ఏళ్లు రవాణా సర్వేల్లో పనిచేశాను. మొదట ఇంటింటికీ తిరిగి ఫారాలు నింపాను, తర్వాత ఫారాలు తయారుచేసే పనిలోకి వచ్చాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: సర్వే మొత్తం ముగిశాక ఆ అధ్యాయంలో రాయడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఎవరిని లెక్కపెడతామో, దేన్ని ప్రయాణం అనుకుంటామో ఫారం రాసిన రోజే తేలిపోతుంది. బస్సు ఎటు వేయాలో, ఎన్నింటికి వేయాలో ఆ లెక్క చూసే నిర్ణయిస్తారు. మీకు రెండో విడత మిగిలి ఉండటం అదృష్టం. అధ్యాయం పక్కన పెట్టి ముందు ఫారం తీయండి.

మామూలు ఇంటి సర్వే ఫారం చూడండి. ప్రయాణం ఎందుకు అన్నచోట ఇల్లు–పని, ఇల్లు–చదువు, ఇల్లు–ఇతరాలు, ఇల్లు కాని చోట్ల మధ్య తిరిగేవి అని నాలుగు కోడ్‌లు ఉంటాయి. బిడ్డను అంగన్‌వాడీలో దింపడం, రేషన్ తేవడం, అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్లడం, కూరగాయలు కొనడం, బ్యాంకుకు పోవడం, సినిమాకు పోవడం, అన్నీ ‘ఇతరాల్లో’ కలిసిపోతాయి. 2011 జనగణనలో పనికి ఎలా వెళ్తారు, ఎంత దూరం అని అడిగారు, సంతోషమే. కానీ అది పనికి వెళ్లే ప్రయాణం మాత్రమే. వ్యవసాయంలో ఉన్నవాళ్లనూ ఇంటి పరిశ్రమల్లో ఉన్నవాళ్లనూ అందులో అడగలేదు. జీతం లేని పని కోసం చేసే తిరుగుడు మన దేశపు పెద్ద లెక్కల్లో దేంట్లోనూ సరిగ్గా కనిపించదు. అదేమన్నా చిన్న పనా? 2019లో కేంద్ర గణాంక శాఖ చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. ఆ 299 నిమిషాల్లో గడప దాటి చేసేవి ఎన్నో ఉంటాయి.

మైసూరు రోడ్డు పక్క ఒక సందులో జరిగింది చెప్తాను. ఇంటాయన గుమ్మంలో నిలబడి జవాబులు చెప్తున్నాడు. ఆయన సంగతులన్నీ రాసుకున్నాక “మీ ఇంటావిడ?” అన్నాను. “ఆమె యాడికీ పోదు మేడం, ఇంట్లోనే” అన్నాడు. ఫారం ప్రకారమైతే సున్నా వేసి పక్కింటికి పోవాలి. ఆవిడ లోపల బియ్యం ఏరుకుంటోంది. నేను పోయి పక్కన కూర్చుని, “అక్కా, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఎక్కడెక్కడికి పోయినావో ఒక్కొక్కటీ చెప్పు” అన్నాను. పాపను బడిలో దింపింది. అక్కణ్ణుంచి అటే బస్సెక్కి అత్తతో విక్టోరియా ఆస్పత్రికి పోయింది, మార్కెట్ దగ్గర దిగి నడిచారు. వచ్చేటప్పుడు మార్కెట్లో ఆకుకూరలు తీసుకుని, ఇంకో బస్సులో బడికి పోయి పాపను తీసుకుని ఇల్లు చేరింది. సాయంత్రం మళ్లీ రేషన్ షాపుకి. భర్తది పొద్దున ఒక ప్రయాణం, సాయంత్రం ఒకటి. ఈవిడవి ఎన్నో మీరే లెక్కపెట్టుకోండి. “అయి కూడా రాస్తారా?” అని ఆవిడ ఆశ్చర్యపోయింది.

ఇలా ఒక పని నుంచి ఇంకో పనికి గొలుసులా సాగే ప్రయాణాలు మన రూట్లకు సరిపడవు. రూట్లన్నీ శివారు నుంచి ఊరి నడిమధ్య ఉన్న మెజెస్టిక్‌కో మార్కెట్‌కో, లేదంటే 500డి లాగా ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి ఆఫీసుల వైపుకో పోతాయి. బడి, ఆస్పత్రి, సంత ఉన్న అడ్డదారుల్లో గంటకొక బస్సు ఉంటే గొప్ప. పైగా మన మోడల్, అంటే ఎంతమంది ఎటు ప్రయాణిస్తారో సర్వేతో అంచనా కట్టే లెక్క, అంతా పొద్దున, సాయంత్రం రద్దీ గంటల మీదే నడుస్తుంది. ఇళ్లలో పనిచేసేవాళ్లు మధ్యాహ్నం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారతారు. రోడ్లు ఊడ్చే పౌరకార్మికులు చీకటితోనే బయల్దేరతారు. బస్సుల్లో ఎక్కేదిగే వాళ్లను లెక్కపెట్టే మనుషుల్ని మీరు ఎన్ని గంటలకు నిలబెడుతున్నారో చూసుకోండి.

ఇంకో ప్రశ్న ఉంటుంది ఫారంలో: “ఇంట్లో బండి ఉందా?” ఉంది అంటే ఆ ఇంటికి బస్సు అవసరం తక్కువని మోడల్ అనుకుంటుంది. ఆ బండి పొద్దున్నే ఇంటాయనతో వెళ్లిపోతుంది. కాబట్టి “బండి ఎవరు నడుపుతారు, పగలు ఎవరి దగ్గర ఉంటుంది?” అని ఇంకో వరస కలపండి. ఈ ఒక్క వరస వల్ల మీ నివేదికలో ‘బస్సు మీద ఆధారపడేవాళ్లు’ అన్న పట్టిక పూర్తిగా మారిపోతుంది.

ఇప్పుడు శక్తి సంగతి. ఆ పథకం 2023 జూన్ 11న మొదలైంది. దాని మేలు నేను కళ్లారా చూశాను, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నాకు పడదు. టికెట్ డబ్బుల కోసం ఇంట్లో చెయ్యి చాచాల్సిన పని పోయింది. నడిచి పోయే ఆడవాళ్లు బస్సెక్కారు. కానీ అది కర్ణాటక చిరునామా ఉన్న ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు. ఏసీ బస్సులకు వర్తించదు, మెట్రో అసలే లేదు. ఇక్కడే ‘వైవిధ్యం’ అన్న మాటకు పని పడుతుంది.

బెంగళూరులో తెలుగు ఆడవాళ్లనే తీసుకోండి. ఊడ్చే పనిలో ఉన్న పౌరకార్మికుల్లో చాలామందిది తెలుగే, తరాల కిందట వచ్చిన కుటుంబాలు. కార్డులన్నీ ఇక్కడివే, వాళ్లకు బస్సు ఉచితం. అదే వర్తూరు, సర్జాపుర వైపు అపార్ట్‌మెంట్లు కట్టేచోట రేకుల షెడ్లలో ఉండే ఆడవాళ్లు? కళ్యాణదుర్గం నుంచో, మహబూబ్‌నగర్ నుంచో వచ్చినవాళ్లు. ఆధార్ ఊరి చిరునామాతో ఉంటుంది. మార్చుకోమంటే షెడ్డుకు అద్దె అగ్రిమెంటు ఎవరిస్తారు? మార్చుకుంటే ఊళ్లో రేషన్, ముసలివాళ్ల పెన్షన్ ఏమవుతాయోనని ఇంకో భయం. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి వచ్చింది, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచే మహాలక్ష్మి ఉంది. అంటే ఆమెకు తన రాష్ట్రంలో బస్సు ఉచితం, కూలికి వచ్చిన చోట టికెట్. చెన్నైలో 2021 మే నుంచి మామూలు బస్సుల్లో ఏ ఊరి ఆడమనిషికైనా ఉచితమే, చిరునామా అడగరు. ఇలా పక్క రాష్ట్రాల పథకాల్ని పక్కపక్కన పెట్టి చూపిస్తే అధికారులు శ్రద్ధగా వింటారు.

టికెట్ కూడా చిన్నదేం కాదు. 2025 జనవరిలో బెంగళూరు సిటీ బస్సు సంస్థ బీఎంటీసీ ఛార్జీలు 15 శాతం పెరిగాయి, కనీస ఛార్జీ 6 రూపాయలైంది. బస్సు మారినప్పుడల్లా కొత్త టికెట్. ఒకే దారిలో పోయి వచ్చేవాళ్ల కంటే, పైన చెప్పిన గొలుసు ప్రయాణాలు చేసేవాళ్లకు దెబ్బ ఎక్కువ.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. శక్తి కింద ఎక్కిన ప్రతి మనిషికీ కండక్టర్ సున్నా టికెట్ ఇస్తారు, ఆ లెక్క మీదే ప్రభుత్వం బస్సు సంస్థకు డబ్బు కడుతుంది. ఎక్కడ ఎక్కారు, ఎక్కడికి, ఎన్నింటికి అన్నది టికెట్ మిషన్‌లో నమోదవుతుంది. అంతకుముందు టికెట్ లెక్కల్లో ఆడా మగా తేడానే తెలిసేది కాదు. మీరు క్లయింటును మొట్టమొదట అడగాల్సింది ఈ డేటా. పేర్లూ కార్డు నంబర్లూ మనకు అక్కర్లేదు, స్టేజీలవారీ, గంటలవారీ సంఖ్యలు చాలు. అయితే చేతికి రాగానే ఇదే ఆడవాళ్ల ప్రయాణమని పొరపడొద్దు. షెడ్డులో ఉండే కళ్యాణదుర్గం ఆమె డబ్బులిచ్చి మామూలు టికెట్ కొంది కాబట్టి ఈ డేటాలో ఆమె ఆడమనిషిగా లేదు, ఉత్త ‘ప్రయాణికుడు’. ఉచితమూ దక్కలేదు, లెక్కలోకీ రాలేదు. ఏసీ బస్సు ఎక్కినవాళ్లూ అంతే. బస్సే రాని కాలనీ వాళ్లు అసలు ఏ డేటాలోనూ ఉండరు. సున్నా టికెట్ల డేటాకు తోడు ఈ కూలీ షెడ్ల దగ్గర విడిగా ఒక చిన్న సర్వే పెట్టించండి. తెలుగు వచ్చిన ఆడపిల్లల్ని పంపండి, ఆదివారం పగలు పంపండి. కాంట్రాక్టర్ మేస్త్రీ పక్కన నిలబడి ఉంటే ఎవరూ నోరు విప్పరు, ఆయన్ని మర్యాదగా టీకి పంపించాలి.

బస్సు మెట్టు గురించి కూడా రాయండి. 400 మిల్లీమీటర్ల ఎత్తులో ఫ్లోర్ ఉండేది లో ఫ్లోర్ బస్సు. బెంగళూరులో చాలాకాలం ఇలాంటివంటే ఏసీ వోల్వోలే. అంటే మోకాళ్ల నొప్పులున్న ముసలామెకు ఉచితంగా దొరికేది ఎత్తు మెట్ల బస్సు, ఎక్కగలిగే బస్సుకేమో డబ్బు కట్టాలి. ఈమధ్య వచ్చిన ఏసీ లేని ఎలక్ట్రిక్ బస్సుల్లో లో ఫ్లోర్‌వి ఉండటం వల్ల కాస్త నయమైంది. కానీ స్టాపులో ఆటోలూ బండ్లూ నిలిచి ఉంటాయి, డ్రైవర్ బస్సును నడిరోడ్డు మీదే ఆపుతాడు, ఫుట్‌పాత్ మీద నుంచి నేరుగా కాలు పెట్టే వీలుండదు. ఆమె ముందు రోడ్డు మీదకు దిగి, అక్కణ్ణుంచి బస్సులోకి ఎక్కాలి. చంకలో బిడ్డ, చేతిలో సంచి ఉన్నవాళ్లదీ ఇదే అవస్థ. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, బస్సు స్టాపులూ అందులోకి వస్తాయి. అందుకే బస్సు స్పెసిఫికేషన్‌తో పాటు స్టాపు దగ్గర పార్కింగ్‌ను ఎవరు ఆపాలన్నది కూడా మీ సిఫార్సుల్లో ఉండాలి. బెంగళూరు మహానగర భూరవాణా అథారిటీ చట్టం 2022లో వచ్చింది ఇలాంటి వాటికే, ట్రాఫిక్ పోలీసుల్నీ కార్పొరేషన్‌నీ బస్సు సంస్థనూ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడానికి.

భద్రత అనగానే అందరూ సీసీ కెమెరాలు, పానిక్ బటన్ అని రాస్తారు. వద్దనను. కానీ గార్మెంట్ ఫ్యాక్టరీ షిఫ్టు వదిలాక చీకటి స్టాపులో బస్సు కోసం అరగంట నిలబడే అమ్మాయిని ఆ బస్సులోని కెమెరా ఏం కాపాడుతుంది? పది నిమిషాలకొక బస్సు వస్తే అదే భద్రత. బస్సుల మధ్య విరామాన్ని భద్రతా సూచికగా పెట్టమని నేను ప్రతిచోటా పోట్లాడుతుంటాను, మీరూ పోట్లాడండి.

కెనడా ప్రభుత్వం వాడే జెండర్ విశ్లేషణ పద్ధతి గురించి కూడా అడిగారు. అక్కడ 1995లో జెండర్ విశ్లేషణగా మొదలై, 2011లో వయసు, వైకల్యం, జాతి, ఆదాయం లాంటివి కలిపి ‘ప్లస్’ చేర్చారు. మనకు పనికొచ్చేది అది ఎప్పుడు చేస్తారన్నది. ప్రతిపాదన మంత్రివర్గం దాకా వెళ్లేముందే విశ్లేషణ జతచేయాలి. మన దగ్గర 2005–06 నుంచి కేంద్రంలో జెండర్ బడ్జెట్ ప్రకటన ఉంది. దాన్లో ఆడవాళ్ల కోసం ఏ పథకానికి ఎంత అన్నది తెలుస్తుంది. ఆ డబ్బు ఏ ఆడమనిషి దాకా చేరింది, ఎవరి దగ్గర ఆగిపోయింది అన్నది ఆ పట్టిక చెప్పదు. శక్తికి ఎన్ని కోట్లు ఇచ్చారో రెండు పేజీలు రాసి ఊరుకుంటే మీ అధ్యాయానికీ అదే లోపం వస్తుంది.

మీ మేనేజర్‌ను ఎలా ఒప్పించాలి? ఆయనతో సిద్ధాంతాలు మాట్లాడకండి. ఒక్క వార్డు తీసుకుని, పాత ఫారంతో వచ్చిన ప్రయాణాల సంఖ్య, “నిన్న ఎక్కడెక్కడికి వెళ్లారు” అని అడిగితే వచ్చిన సంఖ్య, రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. మోడల్‌లో ఇన్ని ప్రయాణాలు తప్పిపోతున్నాయని తెలిస్తే ఏ ఇంజినీరుకైనా అది జెండర్ సమస్యగా కన్నా ముందు తన లెక్క తప్పుగా కనిపిస్తుంది. నాకు ప్రతిసారీ పనిచేసింది ఇదే. డిపోలకు వెళ్లి మహిళా కండక్టర్లతో కూడా మాట్లాడండి. ఏ స్టాపులో ఎవరు దిగలేక అవస్థపడతారో, ఏ ట్రిప్పులో ఆంధ్రా ఆధార్ గొడవలొస్తాయో వాళ్లు నోటికి చెప్తారు. టెర్మినల్‌లో టాయిలెట్ లేని రూట్ల చిట్టా కూడా వాళ్ల దగ్గరే దొరుకుతుంది, అడిగి రాసుకోండి.

కొత్త ఫారం చిత్తు తయారయ్యాక ఇక్కడే పెట్టండి. తెలుగు ప్రశ్నల్ని అనంతపురం వైపు వాళ్లకు, పాలమూరు వైపు వాళ్లకు అర్థమయ్యేలా మార్చడంలో నేను సాయం చేస్తాను. కన్నడ, తమిళ ప్రతులు చూడటానికి ఇక్కడ ఇంకెవరైనా ముందుకొస్తే మరీ మంచిది.