మా పాప షుగర్ పుస్తకంలో మా బాబు నంబర్లు

ప్రశ్న: పిల్లల్లో ఒకరికి జీవితాంతం ఉండే జబ్బని తేలాక ఆ ఇల్లు ఎలా నడుస్తుంది? తల్లిదండ్రులు ఎలా తట్టుకుంటారు?

తల్లిదండ్రుల సంగతి వదిలేయండి. ఎలాగోలా తట్టుకుంటాం, తట్టుకోక చేసేదేముంది! జబ్బు లేని రెండో బిడ్డ ఏం చేస్తున్నాడో ఎవరైనా చూస్తున్నారా? నేను చూడలేదు. అందుకే రాస్తున్నాను.

మాది తెనాలి. పాపకి నాలుగున్నరేళ్లప్పుడు టైప్ 1 షుగర్ బయటపడింది. రాత్రిళ్లు లేచి లేచి మంచినీళ్లు అడిగేది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. బాత్రూంలో చీమలు. ఎండాకాలం కదా అనుకున్నాం. ఆయాసం వచ్చి ఐసీయూలో చేర్చాక గానీ తెలియలేదు. ఇప్పుడు దానికి ఏడో ఏడు నడుస్తోంది. రోజుకి నాలుగు ఇన్సులిన్ ఇంజెక్షన్లు, కనీసం నాలుగుసార్లు వేలికి సూది.

ఇంజెక్షన్ చేయడం వారంలో అలవాటైంది. చుట్టాలే ఇప్పటికీ అలవాటు కాలేదు. వచ్చిన ప్రతివాళ్లూ "స్వీట్లు ఎక్కువ పెట్టారా?" అని మా ఆవిణ్ణి అడగడమే. అయ్యా, దీనికీ స్వీట్లకీ సంబంధం లేదు. ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఒంట్లోని రోగనిరోధక శక్తే చంపేస్తుంది. మా తోడల్లుడైతే పొడపత్రి చూర్ణం డబ్బా తెచ్చి, "ఇది వాడి సూదులు ఆపేయండి, పూర్వం పిల్లలకి ఇలాంటి రోగాలెక్కడివి?" అన్నాడు. పూర్వమూ ఉన్నాయి బాబూ. అప్పట్లో ఈ జబ్బు వచ్చిన పిల్లలు ఎక్కువ రోజులు బతికేవాళ్లు కాదు, అంతే తేడా. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చేదాకా ఇదే కథ. ఆ చూర్ణం డబ్బాలో ఇప్పుడు ఆవాలు పోసుకున్నాం.

అసలు విషయానికొస్తాను.

మా ఇంట్లో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. తారీకు, టైము, షుగర్ నంబరు, ఇన్సులిన్ డోసు. పొద్దునా సాయంత్రం చెల్లి వేలికి గుచ్చి షుగర్ మిషన్‌తో చూసి పుస్తకంలో రాసే పని మా బాబుది. అప్పుడు వాడు అయిదో తరగతి. పొద్దున మా ఆవిడ పొయ్యి దగ్గర, నేను ఆఫీసు హడావుడిలో. వాడు రాసిన నంబరు చూసి ఆవిడ డోసు వేసేది.

ఆ నంబర్‌ని బట్టే ఆ పూట ఇల్లు నడిచేది. 130 వస్తే దోసెలు పల్చగా, కరకరలాడుతూ పడేవి. 280 వస్తే "రాత్రి దానికేం పెట్టారు?" అని ఆవిడ నా మీద, "బిస్కెట్లు అందేచోట పెట్టిందెవరు?" అని నేను ఆవిడ మీద. మధ్యలో వాడు క్యారేజీ పట్టుకుని నిలబడి ఉండేవాడు.

ఇంతలో రక్తపు చుక్క పెట్టి మిషన్‌కి తగిలించే స్ట్రిప్పులు తగ్గడం మొదలైంది. 50 స్ట్రిప్పుల డబ్బా పన్నెండు రోజులు రావాలి, పది రోజులకే ఖాళీ. ఒక్కోటి ఇంచుమించు 20 రూపాయలు. మందుల షాపుకెళ్లి, డబ్బాలో తక్కువ వస్తున్నాయని నలుగురిలో గొడవపడ్డాను. "సీలు మీరే తీశారు కదా సార్" అన్నాడతను. నేను వినలేదు.

మూడు నెలల చెకప్‌కి పాపను విజయవాడ తీసుకెళ్లాం. మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష, హెచ్‌బీఏ1సీ, 9 వచ్చింది. డాక్టరమ్మ పుస్తకం తిరగేసి, "9 అంటే మూడు నెలల సగటు 210 దాటి ఉన్నట్టు. ఇందులో చూస్తే అన్నీ బాగానే ఉన్నాయే?" అని మిషన్ అడిగారు. అదృష్టం, సంచీలో ఉంది. ఆవిడ మెమరీ వెనక్కి జరుపుతూ పోయి ఒకచోట ఆగారు.

6:52కి 271. 6:54కి 93. మర్నాడు 6:48కి 244, 6:50కి 88. పుస్తకంలో మాత్రం 93, 88.

"ఒకే పాపకి రెండు నిమిషాల్లో ఇంత ఎలా పడిపోతుందండీ?"

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. తిరిగే స్టూలు మీద కూర్చున్న మా పాప చెప్పింది: "రెండోది అన్నయ్యది. నాకు ఎక్కువొస్తే అన్నయ్య తన వేలికి తీసుకుంటాడు. అప్పుడు మీరు అరుచుకోరు."

పదిమంది చిట్టాల్లో తేడాలు పట్టుకోడానికి నాకు జీతమిస్తారు. మా ఇంటి పుస్తకంలో తేడా పట్టుకోలేకపోయాను. 271కి వేయాల్సిన చోట 93కి లెక్కేసి డోసు వేశాం, మూడు నెలలు.

రైల్లో మా ఆవిడ దుగ్గిరాల దాటేదాకా నోరు విప్పలేదు. ఇంటికి రాగానే వాడి ఎడమచెయ్యి పట్టుకుని చూశాను. వేళ్ల కొసల మీద కాదు, పక్కన నల్లటి చుక్కలు. పక్కన గుచ్చుకుంటే నొప్పి తక్కువని చెల్లే చెప్పిందట. నేను తిడతాననుకున్నాడు. వాడు అడిగింది ఒక్కటే: "నేను రాసినదాని వల్ల చెల్లికేమైనా అయిందా నాన్నా?" ఏం కాలేదన్నాను.

అప్పట్నుంచి మా ఇంట్లో నంబరుకి మంచిది, చెడ్డది అనే మాటల్లేవు. ఎంత? 280. సరే, డోసు. అంతే. చెప్పినంత తేలిక కాదు, మా ఆవిడకి ఇప్పటికీ పెదవి బిగుసుకుంటుంది. చూసే పని నేను తీసుకున్నాను గానీ నెల తిరక్కుండానే వాడే అడిగి మళ్లీ పుచ్చుకున్నాడు.

ఆసుపత్రిలో మాకు అన్నీ నేర్పారు. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార, ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపులో పెట్టాలి, ఫ్రీజర్‌లో వద్దు, ఇలా చాలా. "మీకు ఇంకో బిడ్డ ఉన్నాడా, ఒకసారి తీసుకురండి" అని మాత్రం ఒక్కరూ అనలేదు. నన్నడిగితే ఇలాంటి ప్రతి ఇంట్లోనూ ఇంకో బిడ్డ ఏదో ఒకటి దాస్తూనే ఉంటాడు. చెకప్‌కి వాణ్ణి కూడా తీసుకెళ్లండి. స్కూలు పోతే పోయింది.

మందుల షాపతనికి మాత్రం ఇంకా సారీ చెప్పలేదు. నాలుగడుగులు ఎక్కువైనా వేరే షాపులో కొంటున్నాను.