డెకాల్ కింద వెండిపొర ఎందుకు వస్తుందంటే

ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టిన 1/72 సైజు స్పిట్‌ఫైర్ మోడల్ విమానం రెక్క మీద డెకాల్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తుల స్టిక్కర్) వెండిపొరలా మెరుస్తోందన్నారు కదండీ. తప్పు డెకాల్‌ది కాదు, కింద ఉన్న మ్యాట్ (మెరుపు లేని) రంగుది. కంటికి నున్నగానే ఉంటుంది గానీ నిజానికి గరుకు. ఆ సందుల్లో గాలి చిక్కుకుంటుంది, మీకు కనిపించే మెరుపు అదే.

దాన్ని పీకకండి. మెరిసే చోట సన్నటి సూదితో నాలుగైదు చిల్లులు పొడిచి, డెకాల్ సాఫ్టనర్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రవం) ఒక్క చుక్క అద్దండి. ముడతలు పడుతుంది. కంగారుపడి వేలు పెట్టొద్దు, ఆరేకొద్దీ దానంతటదే రెక్కకు అతుక్కుంటుంది. తగ్గకపోతే మళ్లీ ఒకసారి అద్దండి.

రెండో రెక్కకి మాత్రం ముందు గ్లాసీ (మెరిసే) వార్నిష్ వేసి, ఒక రోజు ఆరనిచ్చి, అప్పుడు డెకాల్ పెట్టండి. మ్యాట్ వార్నిష్ ఆఖరున. ఇన్నేళ్లకి మళ్లీ బ్రష్ పట్టారు, నాకు చాలా సంతోషంగా ఉంది.