పాప ఫోటోతో దొంగ అకౌంట్: ముందు చేయాల్సింది ఇదీ

తొమ్మిదో తరగతి పాప ఫోటోతో ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ అకౌంట్ తెరిచి క్లాస్‌మేట్లకు మెసేజ్‌లు పెడుతున్నారని రాశారు కదండీ. పాపను తిట్టకండి, ఫోన్ లాక్కోకండి. భయపడితే రేపు ఏం జరిగినా మీకు చెప్పదు.

రిపోర్ట్ కొట్టేముందే ప్రొఫైల్ లింకు, యూజర్‌నేమ్, మెసేజ్‌లు తేదీలతో సహా స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. అకౌంట్ పోయాక సాక్ష్యం దొరకడం కష్టం. తర్వాత ఆ ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి, వేరొకరిలా నటిస్తున్నారని రిపోర్ట్ చేయండి. తల్లిదండ్రులుగా మీరూ చేయొచ్చు.

ఫోటో మార్ఫింగ్ చేసినా, బెదిరించినా ఒక్కరోజు కూడా ఆగొద్దు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లల విభాగంలో ఫిర్యాదు ఇవ్వండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

తోటి విద్యార్థే చేశాడని తేలితే స్కూల్‌తో మాట్లాడండి. పేరు మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, వాడూ మైనరే.