ఏడేళ్లకే లేటయిపోయిందా?

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లండి. ఐదేళ్లలోపే బ్రెయిన్ డెవలప్‌మెంట్ అంతా అయిపోతుందని ఎక్కడ చూసినా అంటున్నారు, ఇక్కడొక ట్రైనింగ్ సెంటర్ వాళ్లయితే ఇప్పటికే లేటయింది, వెంటనే చేర్పించండి అంటున్నారు, ఫీజు మా తాహతుకి మించింది. చేర్పించకపోతే వాడికి అన్యాయం చేసినట్టా? - ఒక తల్లి, కాకినాడ

జవాబు: లేదమ్మా, అస్సలు కంగారు పడొద్దు. ఐదారేళ్లకి మెదడు సైజు పెద్దవాళ్లలో దాదాపు 90 శాతానికి వచ్చేస్తుంది, అది నిజమే, కానీ లోపల కనెక్షన్లు సర్దుకోవడం ఆగదు, నుదుటి వెనక భాగంలో అయితే ఇరవై దాటాక కూడా నడుస్తూనే ఉంటుంది.

అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో మేరియన్ డైమండ్ అని అనాటమీ ప్రొఫెసర్ ఉండేవారు, 2017లో పోయారు. పూల పూల టోపీ పెట్టెలో నిజమైన మనిషి మెదడు క్లాసుకి తెచ్చి, గ్లవ్స్ వేసుకుని బయటికి తీసి చూపించేవారు, ఆ లెక్చర్లు యూట్యూబ్‌లో ఉన్నాయి, వీలైతే చూడండి, అంత ప్రేమగా పాఠం చెప్పేవాళ్లు అరుదు. ఆవిడ, తోటి సైంటిస్టులు కలిసి కొన్ని ఎలకల్ని పెద్ద బోనులో గుంపుగా ఉంచి ఆటవస్తువులు మార్చి మార్చి పెట్టారు, కొన్నిటిని చిన్న బోనులో ఒంటరిగా ఉంచారు. గుంపులో ఉన్నవాటి మెదడు పైపొర మందంగా పెరిగిందని 1964లో చూపించారు. తర్వాత 1985లో 904 రోజుల వయసున్న ముసలి ఎలకల్లో కూడా ఆ మార్పు కనిపించింది. ఎలక బతికేదే రెండు మూడేళ్లు, మరి మీవాడికి ఏడేళ్లకే లేటేంటమ్మా!

ఇంకో సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. 1975లో అదే యూనివర్సిటీ వాళ్లు కొన్ని ఎలకల్ని ఆ పెద్ద బోను మధ్యలోనే చిన్న బోన్లలో పెట్టి, మిగతావి ఆడుతుంటే ఊరికే చూసేలా చేశారు. చూసినవాటికి ఆ లాభం రాలేదు, స్వయంగా ఆడినవాటికే వచ్చింది. ఎలకల ఫలితం పిల్లలకి అచ్చంగా వర్తిస్తుందని అనను కానీ ఫోన్లో ఎడ్యుకేషనల్ వీడియోలు చూపిస్తే చాలు అనుకునేవాళ్లు ఇది ఆలోచించాలి.

అసలు ఆ పెద్ద బోనులో ఉన్న గొప్పతనం ఏంటి, తోడు, తిరగడానికి చోటు, కొత్త వస్తువులు, అంతే కదా. బయట తిరిగే ఎలకకి అవి మామూలే. మీవాడు వీధిలో పిల్లలతో ఆడుతూ, మీతో వంటింట్లో చేయి కలుపుతూ, అమ్మమ్మ దగ్గర కథలు వింటూ ఉంటే వాడికీ అవన్నీ ఉన్నట్టే, ఆ ఫీజు డబ్బులు దాచుకోండి. మాటల్లోనో చదవడంలోనో నిజంగా వెనకబడ్డాడనిపిస్తే మాత్రం ట్రైనింగ్ సెంటర్ల చుట్టూ తిరక్కుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి, లేదా గవర్నమెంట్ ఆస్పత్రిలో డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) ఎక్కడుందో అడగండి, అక్కడ పిల్లల ఎదుగుదల ఉచితంగా చూస్తారు.