మీ గొడవ గంజాయి కేసులతో కాదు, మీ అన్నయ్యతో

రాయగడ నుంచి ఒకావిడ రాశారు. భర్త క్రిమినల్ లాయరు, కోరాపుట్ వైపు నుంచి వచ్చే గంజాయి కేసులే ఎక్కువ. పర్లాకిమిడిలో ఉండే అన్నయ్య కూతురికి నిశ్చితార్థం కుదిరింది. "బావగారు వస్తే మగపెళ్ళివారు ఏం కేసులు చూస్తారని అడుగుతారు, నువ్వూ పిల్లలూ వచ్చేయండి చాలు" అని అన్నయ్య ఫోన్ చేశాడట. ఆవిడ నన్ను అడిగేది, ఆయన్ని సివిల్ కేసుల వైపు మళ్ళించడం ఎలా అని.

మళ్ళించకండమ్మా. గట్టు తగాదాల్లో అన్నదమ్ములు తిట్టుకోవడం వింటూ కూర్చుంటే మాత్రం పరువు పెరిగిపోతుందా? ఆ ప్రశ్న అక్కడితో వదిలేయండి.

మీ ఉత్తరం మధ్యలో, మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన మాట ఒకటుంది. అన్నయ్య లారీ స్కూటర్‌ని గుద్దినప్పుడు, రాత్రికి రాత్రి వెళ్ళి డ్రైవర్ని స్టేషన్ బెయిలు మీద బయటికి తెచ్చింది మీ ఆయనే, ఫీజు కూడా తీసుకోలేదు అని. ఆ రాత్రి పనికొచ్చిన నల్లకోటు ఇవాళ పెళ్ళివారి ముందు నామోషీ అయిపోయిందన్నమాట!

రాత్రి పన్నెండింటిదాకా డైనింగ్ టేబుల్ మీద ఆ కాగితాలేంటని విసుక్కున్నారు. గంజాయి ఇరవై కిలోలు దాటిందంటే శిక్ష కనీసం పదేళ్ళు, మత్తుమందుల చట్టంలోని 37వ సెక్షన్ అడ్డం పడి బెయిలు రావడమే గగనం. జైల్లో కూర్చునేది చాలాసార్లు మూట మోసినవాడే, సరుకు అసలు ఎవరిదో వాడికీ తెలియదు. ఆ మూట ఎక్కడ తూచారు, సీలు ఎవరు వేశారు, పట్టుకున్నప్పటి బరువూ మేజిస్ట్రేటు ముందు పెట్టినప్పటి బరువూ ఒకటేనా అని లైను లైనూ చూడకపోతే ఆయన చేసేది లాయరు పనే కాదు. ఫలానా ముద్దాయి తరఫున ఎవరూ వాదించకూడదని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. లాయర్ల సంఘానికే లేని హక్కు మీ అన్నయ్యకి ఎక్కడిదండీ?

నాకు అసలు కోపం వచ్చింది మీ మీద. అన్నయ్య ఆ మాట అంటే "సరే" అని ఫోన్ పెట్టేశారు, పెట్టేసి ఆయన దగ్గరికెళ్ళి "మీ వల్లే ఇదంతా" అన్నారు. పుట్టింటి మీద మమకారం ఉండాలి, కాదనను. కానీ మొగుణ్ణి గుమ్మం బయట నిలబెట్టి నన్ను మాత్రం లోపలికి రమ్మంటే ఆ విందు నాకైతే గొంతు దిగదు. ఇవాళే అన్నయ్యకి ఫోన్ చేసి, వదినని తీసుకుని ఇంటికొచ్చి బొట్టు పెట్టి ఇద్దర్నీ పిలిస్తేనే వస్తాం అని చెప్పండి, గొంతు వణికినా సరే. రాకపోతే మేనత్తగా మీరు పెట్టాల్సిన చీర మీ అమ్మగారి చేతికిచ్చి పంపండి, పిల్ల చేసిన పాపం ఏమీ లేదు.

క్లయింట్ల తాలూకు మనుషులు తెల్లారకుండానే అరుగు మీద కూర్చుంటున్నారని, పిల్లలు బయటికి రావడానికి భయపడుతున్నారని రాశారు చూడండి, దానికి మాత్రం ఆయన్ని గట్టిగా నిలదీయండి. గుమస్తా ఉన్నాడు, ఆఫీసు గది ఉంది, అక్కడికే రమ్మనమనండి.