డ్రాఫ్ట్‌లో డిఫెండర్‌ని తీసుకోండి, స్ట్రైకర్‌ని కొనుక్కోండి

"అమెరికా సాకర్ లీగ్‌లో ప్రతి క్లబ్బుకీ సొంత అకాడమీ ఉంది కదా, ఎఫ్‌సీ డాలస్ అభిమానులు కాలేజీ డ్రాఫ్ట్ ఎంపికల మీద ఇంకా ఎందుకు కొట్టుకు చస్తారు?" అని ఒకరు అడిగారు. డ్రాఫ్ట్ అంటే లీగ్‌లోని క్లబ్బులు వరస నంబర్ల ప్రకారం కాలేజీ ఆటగాళ్లని ఒక్కొక్కరిగా ఎంచుకోవడం. నేను ఉండేది డాలస్ పక్కనే, ఫ్రిస్కోలో. క్లబ్బు స్టేడియం మా ఇంటి నుంచి కారులో వెళ్లేంత దూరం కూడా కాదు, కాకపోతే టెక్సాస్‌లో ఎవరూ నడవరు. కొట్టుకు చచ్చేవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి జవాబు చెప్పే హక్కు నాకుంది.

నాకు తెలిసిన సూత్రం ఒక్కటే. డ్రాఫ్ట్‌లో పొడుగ్గా, నిలకడగా ఉండే సెంటర్ బ్యాక్‌ని, అంటే మధ్యలో నిలబడే డిఫెండర్‌ని, తీసుకోవాలి. గోల్స్ కొట్టేవాణ్ణి డబ్బు పెట్టి బయట కొనుక్కోవాలి. డాలస్ క్లబ్బు చరిత్ర తిరగేస్తే కనిపించేది ఇదే. మా వాళ్లకి మాత్రం చెవికెక్కదు.

వరసగా చూడండి. 2004లో 6వ ఎంపిక క్లారెన్స్ గుడ్సన్. 2005లో మళ్లీ 6వ ఎంపిక డ్రూ మూర్. 2009లో పట్టుకున్నది జార్జ్ జాన్‌ని. 2012లో 11వ ఎంపిక మాట్ హెడ్జెస్. 2013లో 7వ ఎంపిక వాకర్ జిమ్మర్‌మన్. అదే ఏడు 20వ ఎంపిక రయన్ హాలింగ్స్‌హెడ్. ఇతను కాలేజీలో మిడ్‌ఫీల్డర్, ఇక్కడికొచ్చాక ఫుల్‌బ్యాక్, అంటే అంచున ఆడే డిఫెండర్ అయ్యాడు. 2020లో సియాటిల్ యూనివర్సిటీ నుంచి ఎన్‌కోసీ తఫారి. అందరూ వెనకాల గోడ కట్టేవాళ్లే. 2016లో మాకు సపోర్టర్స్ షీల్డ్ (సీజన్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జట్టుకి ఇచ్చేది), యూఎస్ ఓపెన్ కప్ (ఓడితే ఇంటికే అన్న పద్ధతిలో జరిగే టోర్నీ) రెండూ ఒకే ఏడాది వచ్చాయి. ఆ జట్టు మధ్యలో నిలబడ్డ ఇద్దరు డిఫెండర్లు హెడ్జెస్, జిమ్మర్‌మన్. ఇద్దరూ కాలేజీ డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్లే. ఆ ఏడు లీగ్ మొత్తంలో ఉత్తమ డిఫెండర్ అవార్డు హెడ్జెస్‌ది.

ఇక అకాడమీ సంగతి. డాలస్ అకాడమీ గొప్పదే, కాదనను. కానీ అందులో తయారైన పిల్లలు మాకు దక్కుతున్నారా? వెస్టన్ మెకెన్నీ మా పక్క ఊరు లిటిల్ ఎల్మ్ కుర్రాడు. 2016లో నేరుగా జర్మనీకి, షాల్కేకి వెళ్లిపోయాడు. డాలస్ సీనియర్ జట్టుకి ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. క్రిస్ రిచర్డ్స్‌దీ అదే కథ, అతను బయర్న్ మ్యూనిక్‌కి. రికార్డో పెపి కాస్త ఆడాడు, గోల్స్ కొట్టాడు, మా వాడు ముచ్చటపడి అతని జెర్సీ కొనిపించుకున్నాడు. 2022 జనవరికల్లా ఆ పిల్లాడు ఆగ్స్‌బర్గ్‌లో ఉన్నాడు. క్లబ్బుకి కోట్లు వచ్చాయి, నా దగ్గర జెర్సీ మిగిలింది. అదే హెడ్జెస్‌ని చూడండి. 2012లో వచ్చినవాడు 2022 సీజన్ అయ్యేదాకా ఇక్కడే ఉన్నాడు. అభిమాని డ్రాఫ్ట్ గురించి ఎందుకు కొట్టుకుంటాడంటే ఇందుకే. అకాడమీ పిల్లాడు అమ్మకానికి, కాలేజీ పిల్లాడు ఆటకి.

అసలు ఈ గొడవ ఎలా ఉంటుందో తెలియాలంటే 2014 జనవరి గురించి చెప్పాలి. సంక్రాంతి వారం. ఆ ఏడు డ్రాఫ్ట్ ఫిలడెల్ఫియాలో. స్టేడియంలో నా పక్క సీటులో కూర్చునే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఈ క్లబ్బుకి డాలస్ బర్న్ అని పేరున్న రోజుల నుంచి, కాటన్ బౌల్ ఎండల్లో కూర్చుని చూసిన మనిషి. 2003లో ఒక సీజన్ సౌత్‌లేక్‌లోని హైస్కూల్ స్టేడియంలో ప్లాస్టిక్ గడ్డి మీద ఆడించారని ఇప్పటికీ తిడుతుంటాడు. ఆయన పిలిస్తే, లంచ్ అని చెప్పి ఆఫీసు నుంచి కాస్త ముందే జారుకుని, చికెన్ వింగ్స్ దొరికే ఒక బార్‌కి వెళ్లాను. అప్పటికే ఒక బల్ల చుట్టూ మా బ్యాచ్ చేరింది. మధ్యలో ల్యాప్‌టాప్, అందులో డ్రాఫ్ట్ లైవ్. నిమిషానికోసారి ఆగి చక్రం తిరుగుతోంది.

పెద్దాయన ముందు నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. ఆటగాళ్ల పేర్లు, కాలేజీ, ఎత్తు, ఎన్ని సీజన్లు ఆడారు, అన్నీ చేత్తో రాసుకొచ్చాడు. తనకి కావలసినవాళ్ల మీద పసుపు హైలైటర్. వింగ్స్ సాస్ అంటిన వేలితో ఒక్కో పేరు చూపిస్తూ మాకు పాఠం చెబుతున్నాడు. మొదటి ఎంపిక ఆండ్రే బ్లేక్, గోల్‌కీపర్, ఫిలడెల్ఫియాకే వెళ్లాడు. "గోల్‌కీపర్‌ని ఒకటో నంబరులో ఎవడైనా తీసుకుంటాడా?" అని ఎవరో నవ్వారు. ఆ బ్లేక్ తర్వాత మూడుసార్లు లీగ్‌లో ఉత్తమ గోల్‌కీపర్ అయ్యాడు. వెనకాల ఆడేవాణ్ణి తీసుకుంటే చెడ్డవాడెవడూ లేడని నేను అంటున్నది ఇందుకే.

6వ ఎంపిక మాది. చక్రం తిరిగి తిరిగి ఆగింది. "టేషో అకిన్‌డెలె, కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్."

బల్ల దగ్గర ఒక్కరూ మాట్లాడలేదు. పెద్దాయన కాగితం విప్పాడు, వేలితో పైనుంచి కిందికి వెతికాడు, వెనక్కి తిప్పాడు. వెనకవైపు అడుగున ఉంది పేరు. హైలైటర్ పడలేదు. "మైన్స్‌కి సాకర్ జట్టు ఉందా?" అన్నాడు, మొహం ఎర్రబడిపోయింది. ఇంకొకతను అది డివిజన్ 2 కాలేజీ అని ఫోన్‌లో చూసి చెప్పాడు. పేరున్న యూనివర్సిటీల డివిజన్ 1 కుర్రాళ్లు అంతమంది ఉండగా, 6వ ఎంపికని తీసుకెళ్లి డివిజన్ 2 మీద పెడతారా అని అందరూ ఒకేసారి అందుకున్నారు.

ఆ బల్ల దగ్గర ఆ కాలేజీ గురించి నిజంగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నా జూనియర్ ఒకడు అక్కడే, గోల్డెన్ అనే ఊళ్లో, పెట్రోలియం ఇంజినీరింగ్‌లో ఎమ్మెస్ చేశాడు. వాడు ఫోన్ చేసినప్పుడల్లా ఆ చదువు ఎంత చంపేస్తుందో గంటసేపు చెప్పేవాడు. అలాంటి చోట చదువుకుంటూ గోల్స్ కొడుతున్నాడంటే వాడిలో ఏదో ఉంది అని నేను వాదించాను. "అతను మాకు బ్రిడ్జి కట్టడానికి రావట్లేదు" అన్నాడు పెద్దాయన. ఇంకో సంగతి కూడా చెప్పాను. అదే నెలలో కొత్త కోచ్‌గా వచ్చిన ఆస్కార్ పరేహా అంతకుముందు కొలరాడో రాపిడ్స్ కోచ్. గోల్డెన్ ఆ పక్కనే. ఆ కుర్రాణ్ణి ఆయన ఎప్పుడో చూసి పెట్టుకునే ఉంటాడు. ఇది నా ఊహే, కానీ కాదని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

డ్రాఫ్ట్ అంటే మన క్యాంపస్ ప్లేస్‌మెంట్ లాంటిదే అనుకోండి, తేడా అల్లా ఇక్కడ కుర్రాడికి కంపెనీని ఎంచుకునే హక్కు లేదు. ఎవరు పేరు పిలిస్తే ఆ ఊరికి పెట్టె సర్దుకోవాలి. రిక్రూటర్లు మాత్రం అచ్చం మనవాళ్లలాగే కాలేజీ పేరు చూసి సగం నిర్ణయం చేసేస్తారు. ఆ రోజు బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లూ అదే చేశారు. అకిన్‌డెలె ఆ సీజన్‌లో 7 గోల్స్ కొట్టి 2014కి రూకీ ఆఫ్ ది ఇయర్, అంటే లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు అయ్యాడు. పెద్దాయన ఆ తర్వాతి సీజన్‌కి ఏమీ ఎరగనట్టు "మన మైన్స్ కుర్రాడు" అనడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు మీరు అంటారు, అకిన్‌డెలె ఫార్వర్డ్ కదా, నీ సూత్రం ఏమైంది అని. మా బ్యాచ్ కూడా ఇదే నా మొహాన కొడుతుంది. ఇన్నేళ్లలో చూపించడానికి వాళ్లకి దొరికింది ఆ ఒక్క పేరే. నా వైపు ఏడుగురి జాబితా పైన ఇచ్చాను.

పెద్దాయనకి నా సూత్రం మీద ఉన్న అసలు కోపం వేరు. 2004లో 6వ ఎంపికగా మేం గుడ్సన్‌ని తీసుకున్నాం కదా, మరో రెండు ఎంపికల తర్వాత 8వ స్థానంలో న్యూ ఇంగ్లండ్ వాళ్లు ఎవరిని తీసుకున్నారో తెలుసా? క్లింట్ డెంప్సీని. నాకోడోచెస్ అనే టెక్సాస్ ఊరి కుర్రాడు. చిన్నప్పుడు డాలస్‌లోని యూత్ క్లబ్బులో ఆడటానికి తల్లిదండ్రులు అంత దూరం నుంచి కారులో తెచ్చి దింపేవాళ్లు. అమెరికా జట్టుకి 57 గోల్స్ కొట్టాడు. ఇంట్లో పిల్లాణ్ణి వదిలేసి ఎవరో డిఫెండర్‌ని తెచ్చారని పెద్దాయన ఇప్పటికీ గుండె బాదుకుంటాడు. నేను ఒప్పుకోను. డెంప్సీలాంటివాడు తరానికి ఒకడు పుడతాడు, వాణ్ణి చూపించి డ్రాఫ్ట్ నడపకూడదు.

అసలు గుండె బాదుకోవలసింది 2010 లీగ్ ఫైనల్‌కి. టొరంటోలో డాలస్, కొలరాడో. ఎక్స్‌ట్రా టైమ్‌లో 2-1తో ఓడిపోయాం. కొలరాడో వైపు వెనకాల గోడలా నిలబడింది ఎవరనుకున్నారు? మేం డ్రాఫ్ట్‌లో తీసుకుని, ఆడించి, ఆ ముందు ఏడాదే వాళ్లకి ఇచ్చేసిన డ్రూ మూర్. వాళ్ల రెండో గోల్ తగిలి లోపలికి వెళ్లింది మా జార్జ్ జాన్ కాలికి. అతనూ డ్రాఫ్ట్ కుర్రాడే. ఆ రాత్రి మా ఆవిడ అన్నం వడ్డించి టీవీ కట్టేసింది, నేను ఏమీ అనలేదు.

మధ్యలో ఒక మాట చెప్పుకోవాలి. ఈ ఊళ్లో గుడికెళ్లినా, గ్రోసరీ షాపుకెళ్లినా తెలుగు వినిపిస్తుంది. కానీ సాకర్ గురించి మాట్లాడటానికి ఒక్క తెలుగువాడు దొరకడు. గ్రాండ్ ప్రెయిరీలో టెక్సాస్ సూపర్ కింగ్స్ క్రికెట్ మ్యాచ్ ఉందంటే అంత దూరం బండ్లు కట్టుకుని వెళతారు. ఇంటి పక్క స్టేడియం వైపు మాత్రం జూలై 4 బాణసంచాకి తప్ప తొంగిచూడరు. పిల్లల్ని నాలుగేళ్లకే సాకర్‌లో చేర్పిస్తారు, ఫొటోలు పెడతారు, తొమ్మిదో తరగతి రాగానే ఎస్ఏటీ కోచింగ్ అని మాన్పించేస్తారు. మన పిల్లాడి పేరు డ్రాఫ్ట్‌లో ఎప్పుడు వినాలి?

మనవాళ్లకి ఇట్టే అర్థమయ్యే విషయం ఒకటుంది ఈ డ్రాఫ్ట్‌లో, అది వీసా. లీగ్‌లో ఒక్కో జట్టుకి 8 విదేశీ స్లాట్లు ఇస్తారు, వాటిని జట్లు తమలో తాము అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. ఇప్పుడు కాలేజీ సాకర్‌లో మంచి ఆటగాళ్లు చాలామంది జర్మనీ, నార్వే, ఆఫ్రికా దేశాల నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు. అలాంటివాణ్ణి తీసుకుంటే ఒక స్లాట్ ఖర్చవుతుంది. బెంచీ మీద కూర్చునే కుర్రాడికి ఏ కోచ్ ఆ స్లాట్ ఇస్తాడు? గ్రీన్ కార్డు ఉంటే మాత్రం అమెరికా ఆటగాడి కిందే లెక్క. అందుకే డ్రాఫ్ట్‌కి ముందు అభిమానులు ఎత్తు, వేగం ఎంత ఆరా తీస్తారో, గ్రీన్ కార్డు ఉందా అని కూడా అంతే ఆరా తీస్తారు. ఒకసారి ఈ విషయం మీదే పావుగంట వాదన జరిగితే, ఆ బల్ల దగ్గర ఇమిగ్రేషన్ నిపుణుడి హోదా నాకు దక్కింది. క్యూలో నేను గడిపిన ఏళ్లకి అదొక్కటే గౌరవం.

ఇప్పుడు డ్రాఫ్ట్ ఆ పాత డ్రాఫ్ట్ కాదు, నిజమే. వేదిక లేదు, పేరు పిలవగానే కండువా కప్పుకుని కన్నీళ్లు పెట్టుకునే కుర్రాడు లేడు. క్రిస్మస్ ముందు వారంలో ఆన్‌లైన్‌లో చకచకా కానిచ్చేస్తున్నారు. మూడో రౌండ్‌కి వచ్చేసరికి చాలా జట్లు "పాస్" అనేసి వెళ్లిపోతాయి. అందుకని పనికిరానిదని అనేస్తున్నారు. ఎంచుకునే చేతకానప్పుడు ఏదైనా పనికిరానిదే.

2023 డిసెంబరులో ఏం చేశారో చూడండి. 3వ ఎంపికతో ఒరెగాన్ స్టేట్ నుంచి లోగన్ ఫారింగ్టన్‌ని తెచ్చారు. ఫార్వర్డ్. కుర్రాడు మంచివాడే, కష్టపడతాడు. కానీ రెండు నెలలు తిరక్కుండానే బెన్ఫికా నుంచి పేటర్ మూసాని క్లబ్ రికార్డు ధరకి కొన్నారు. సరిగ్గా నేను చెప్పినట్టే, స్ట్రైకర్‌ని డబ్బు పెట్టి కొన్నారు. మరి ఆ 3వ ఎంపిక ఎందుకు ఖర్చుపెట్టినట్టు?

పోనీ చేతిలో ఉన్న డిఫెండర్లనైనా ఉంచుకుంటారా అంటే అదీ లేదు. 2017 చివర్లో జిమ్మర్‌మన్‌ని లాస్ ఏంజలెస్ ఎఫ్‌సీకి ఇచ్చారు. తర్వాత అతను నాష్‌విల్‌కి మారి 2020, 2021 రెండేళ్లూ ఉత్తమ డిఫెండర్ అయ్యాడు. 2022లో హాలింగ్స్‌హెడ్‌ని కూడా ఆ లాస్ ఏంజలెస్‌కే ఇచ్చారు, అదే ఏడు వాళ్లు కప్పు కొట్టారు. ఆ తర్వాత తఫారిని కూడా వాళ్లకే. మా డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్లు ముగ్గురు ఒకే గుమ్మం తొక్కారు. కాలేజీ డ్రాఫ్ట్‌తో పనేముంది అని అడగదలుచుకుంటే డాలస్ అభిమానుల్ని కాదు, ఆ లాస్ ఏంజలెస్ వాళ్లని అడగండి.